రఫేల్-ఎం మన డెక్కు మీద ఇముడుతుందా? నడిపినవారు చెప్పండి

కృష్ణలంక | రాత్రి 8.40

2025 ఏప్రిల్ 28న ఫ్రాన్సుతో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. మన నౌకాదళానికి 26 రఫేల్-ఎం విమానాలు, విమానవాహక నౌక డెక్కు మీంచి ఎగిరే యుద్ధవిమానాలు. వాటిలో 22 ఒంటి సీటువి, నాలుగు రెండు సీట్లవి. 2030 నాటికి అన్నీ అందాలి. ధర సుమారు 63,000 కోట్ల రూపాయలు. ఆనాటి నుంచి బెంజి సర్కిల్ దగ్గర మేము టీ తాగే చోట ఏ ఇద్దరూ ఒక మాట మీద లేరు. నౌకాదళం దగ్గరున్న రష్యా మిగ్‌లతో వేగలేక కొన్నారని ఒకరు, మన తేజస్‌ను పక్కన పెట్టి పరాయివాడి దగ్గరకు పోవడమెందుకని ఇంకొకరు.

నేను చరిత్ర చెప్పుకొనేవాణ్ణి. నేను ఎక్కిన విమానాలన్నీ గన్నవరంలోనే ఎక్కాను. ఈ వేదికలో యుద్ధవిమానం నడిపినవారు కనీసం ముగ్గురున్నారని తెలుసు. వారి మాట వినాలని ఉంది. నా ప్రశ్న ఒకటే. 63,000 కోట్లను 26తో భాగిస్తే ఒక్కోటి 2,400 కోట్లు దాటుతోంది. అంత విలువ చేసేది ఆ విమానంలో ఏముంది?

మిర్చి యార్డు | 8.52

మాస్టారూ, ముందు మీ భాగహారం సరిచేయండి. గోనె సంచి, కాటా కూలి, హమాలీ, కోల్డ్ స్టోరేజి అద్దె, లారీ కిరాయి అన్నీ కలిపి టిక్కీల (మిరప బస్తాల) సంఖ్యతో భాగించి "మిరపకాయ ధర ఇంత" అంటే మా యార్డులో ఎవరైనా నవ్వుతారు. ఆ మొత్తంలో ఆయుధాలున్నాయి, సిమ్యులేటర్లున్నాయి, శిక్షణ ఉంది, విడిభాగాలున్నాయి, కొన్నేళ్ల నిర్వహణ ఉంది. వైమానిక దళం దగ్గర ఇప్పటికే ఉన్న రఫేల్‌లకు కావలసిన సామగ్రి కూడా అందులోనే ఉంది. ఖరీదు ఎక్కువ కాదని నేను అనడం లేదు. గోనె బరువు తీసేసి మాట్లాడుకుందాం అంటున్నాను.

బ్రాడీపేట 4/14 | 9.05

మిర్చి యార్డు గారు నా పని సగం చేసిపెట్టారు. నేను వైమానిక దళంలో యుద్ధవిమానాలు నడిపి రిటైరైనవాణ్ణి. సముద్రం మీద దిగిన అనుభవం లేదు, ఆ కొరత కూడా లేదు.

నా దృష్టిలో ఈ కొనుగోలుకు పెద్ద కారణం ఇంట్లో ఇప్పటికే ఒకటి ఉండటం. 2016 ఒప్పందం కింద 36 రఫేల్‌లు వచ్చాయి. మొదటివి 2020 జులై 29న అంబాలాలో దిగాయి. వాటి కోసం మెకానిక్కులు తయారయ్యారు, గోదాములు తయారయ్యాయి, అదే రాడారు, అదే ఇంజిను, అవే మీటియార్ క్షిపణులు. నౌకాదళం ఇంకో రకం కొని ఉంటే ఈ సంసారమంతా రెండోసారి మొదటినుంచి పెట్టాలి. అమెరికా సూపర్ హార్నెట్ కూడా 2022లో గోవాలో స్కీ జంప్ (కొస పైకి వంచిన దారి) మీంచి లేచి చూపించింది. మంచి విమానమే. కానీ దాని తయారీని ఆపేస్తున్నట్లు ఆ మరుసటి ఏడాదే కంపెనీ ప్రకటించింది. మూతపడబోయే దుకాణంలో ఫ్రిజ్ కొంటామా?

నిర్వాహకుడు | 9.11

అందరికీ ఒక మనవి. పత్రికల్లో, ప్రభుత్వ ప్రకటనల్లో వచ్చినదాని వరకే రాయండి. నౌకలు ఇప్పుడు ఎక్కడున్నాయి, సేవలో ఉన్నవారి పేర్లు, స్క్వాడ్రన్ లోపలి సంగతులు వద్దు. తొలగించడానికి వెనుకాడను.

పటమట హుక్కు | 9.48

నిర్వాహకుడి మాట శిరోధార్యం. నేను గోవాలో ఉండి డెక్కు మీద దిగిన పైలట్‌ని. పదవీ విరమణ తర్వాత పటమటలో మొక్కలకు నీళ్లు పోసుకుంటున్నాను.

బ్రాడీపేట వింగ్ కమాండర్ గారు విమానం గురించి చెప్పారు. నేను డెక్కు గురించి చెబుతాను. ఆ డెక్కును లెక్కలోకి తీసుకోకుండా ఏ విమానం గొప్పదనేది తేల్చలేం.

మన ఊరి కొలతలతో చెబుతాను. ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223.5 మీటర్లు. 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో నౌకాదళంలో చేరిన మన విమానవాహక నౌక విక్రాంత్ పొడవు 262 మీటర్లు. దుర్గమ్మ కొండ వైపు నుంచి సీతానగరం దాకా ఒకదాని వెనక ఒకటి పెడితే నాలుగు విక్రాంత్‌లు పట్టి ఇంకా చోటు మిగులుతుంది. ఇప్పుడు బ్యారేజీలో నాలుగో వంతు కూడా లేని ఆ ముక్క నీళ్లలో ముందుకు పోతోంది, పక్కలకు ఊగుతోంది, ముక్కు లేచి పడుతోంది అనుకోండి. మనం దిగాల్సిన దారి ఓడకు తిన్నగా ఉండదు, ఎడమకు ఒరిగి ఉంటుంది. అంటే మనం గురి పెట్టిన చోటు క్షణక్షణం కుడికి జారిపోతూ ఉంటుంది. అక్కడ అడ్డంగా మూడు ఉక్కు తీగలు. వాటిలో ఒకదాన్ని తోక కింది హుక్కు పట్టుకోవాలి. పట్టుకుంటే గంటకు 240 కిలోమీటర్ల వేగం రెండున్నర సెకన్లలో సున్నా అవుతుంది. పట్టుకోకపోతే మళ్లీ గాలిలోకి లేవాలి. అందుకే చక్రాలు తాకిన క్షణంలో బ్రేకు వేయం, ఇంజినుకు పూర్తి శక్తి ఇస్తాం. నేల మీద ఏ పైలటూ చేయని పని అది.

నా మొదటి రాత్రి రెండుసార్లు తీగ అందలేదు. తప్పు నాదే. చివరి క్షణంలో డెక్కు వైపు చూశాను, దిగే దారి చూపే దీపం వైపు చూడాల్సింది. మూడోసారి పట్టుకుంది. డెక్కు కుర్రాళ్లు హుక్కు ఎత్తమని సైగ చేస్తున్నారు. నా ఎడమ చెయ్యి మాత్రం థ్రాటిల్‌ను వదలడం లేదు. కుడి చేత్తో దాన్ని విడిపించుకున్నాను. ఇది నవ్వడానికి చెబుతున్నది కాదు, నవ్వినా ఫరవాలేదు.

ఇక రఫేల్‌లో ఏముందని మాస్టారు అడిగారు. త్రికోణం లాంటి డెల్టా రెక్క, దాని ముందు కదిలే చిన్న రెక్కలు. దిగే వేగంలో కూడా అది నిలకడగా ఉంటుంది, చిన్న దిద్దుబాటుకు వెంటనే పలుకుతుంది. మూడో తీగ దాటిపోతున్న పైలట్‌కు అంతకు మించిన వరం లేదు. ఫ్రెంచివారు 2001 నుంచి దాన్ని తమ షార్ల్ ద గోల్ నౌక మీద నడుపుతున్నారు. 2011లో లిబియా మీదికి ఆ డెక్కు నుంచే వెళ్లారు. 2016లో పాత సూపర్ ఎతాందార్‌లను ఇంటికి పంపాక వారికి ఉన్న ఏకైక డెక్కు యుద్ధవిమానం ఇదే. కాగితం మీది విమానం కాదు, ఉప్పునీళ్లు తాగినది.

డెల్టా రెక్క | 10.02

నమస్కారం సార్. గుంటూరులో మెకానికల్ మూడో ఏడాది చదువుతున్నాను. ఫ్రెంచి నౌకకు 75 మీటర్ల ఆవిరి క్యాటపుల్ట్‌లు ఉన్నాయి. విమానాన్ని అవే విసురుతాయి. మన విక్రాంత్‌కు క్యాటపుల్ట్ లేదు, ముందువైపు ఎత్తుగా వంచిన స్కీ జంప్ మాత్రమే. మరి క్యాటపుల్ట్ కోసం పుట్టిన విమానం మన దగ్గర పూర్తి బరువుతో లేస్తుందా?

పటమట హుక్కు | 10.15

మంచి చోట పట్టుకున్నావు బాబూ. 2022 జనవరిలో గోవా నేల మీది స్కీ జంప్ నుంచి అది లేచింది. లేవడం గురించి అనుమానం లేదు. ఎంత మోసుకుని లేస్తుందన్నదే అసలు ప్రశ్న. స్కీ జంప్ దగ్గర తోసేవాడు ఎవడూ ఉండడు, ఉన్నదంతా సొంత ఇంజిన్ల బలమూ ఓడ ఎదురుగాలీ. కాబట్టి పూర్తి ఇంధనం, పూర్తి ఆయుధాలు రెండూ కలిపి కుదరదు. ఏదో ఒకటి తగ్గించుకోవాలి. లేచాక గాలిలో తోటి విమానం నుంచి ఇంధనం నింపుకోవడం ఒక మార్గం. మిగ్‌లోనూ ఇదే కథ. ఇది విమానం లోపం కాదు, మనం ఎంచుకున్న డెక్కు పెట్టే హద్దు.

తెల్లపులి | 10.31

పటమటాయన మరీ పెద్దమనిషి తరహాగా మాట్లాడుతున్నాడు. నేను పాత విమానవాహక నౌక విరాట్ మీద, నిలువుగా దిగగల సీ హారియర్ నడిపిన తరం. మేము గాలిలో ముందు ఆగి, ఆ తర్వాత దిగేవాళ్లం. వీళ్లు దిగి, ఆ తర్వాత ఆగాలని చూస్తారు. తేడా మీరే ఊహించుకోండి.

స్కీ జంప్ సంగతి కనుక అడుగుతున్నాను. మిగ్-29కె ఇంజిను ఒక్కోటి సుమారు తొమ్మిది టన్నుల తోపు (నెట్టే బలం) ఇస్తుంది. రఫేల్ ఇంజిను ఎం88 ఏడున్నర టన్నులు. రెండింటి గరిష్ఠ బరువూ 24.5 టన్నులే. మరి తోసేవాడు లేని డెక్కు మీద ఎవరి చేతికి బలం ఎక్కువ? పైగా మిగ్ రెక్క మడుస్తుంది. రఫేల్ రెక్క మడవదు. గ్యారేజీలో తలుపులు తెరిచిపెట్టి నిలబడే కారు లాంటిది. 45 మిగ్‌లు కొన్నాం, కొన్ని ప్రమాదాల్లో పోయినా మిగిలినవి ఉన్నాయి. వాటిని బాగుచేసుకోకుండా కొత్త పెళ్లి ఎందుకని నా అనుమానం.

మంగళగిరి స్పానరు | 11.04

తెల్లపులి సార్‌కు నమస్కారం. మీ కాక్‌పిట్ అద్దం తుడిచినవాళ్లలో నేనొకణ్ణి అయి ఉండవచ్చు. నౌకాదళ విమానాల మెకానిక్కుగా పనిచేశాను.

సార్, తోపు లెక్క కాగితం మీద మీదే గెలుపు. కానీ లేవని ఇంజినుకు ఎన్ని టన్నుల తోపు ఉంటే ఏమి? 2016లో ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ తన నివేదికలో బహిరంగంగానే రాసింది. మిగ్-29కెలు ఎగరడానికి సిద్ధంగా ఉన్న శాతం 15.93 నుంచి 37.63 మధ్య. 65 ఇంజిన్లలో 40 రూపకల్పన లోపాల వల్ల సేవ నుంచి తీసేయాల్సి వచ్చింది. డెక్కు మీద దిగిన దెబ్బకే భాగాలు చెడిపోతున్నాయని కూడా అందులో ఉంది. ఆ తర్వాత పరిస్థితి మెరుగుపడిందని నౌకాదళం చెప్పింది, నేను కాదనను. కానీ నాలుగు విమానాలు కావాలంటే పది ఉంచుకోవాలా?

పైలట్లకు విమానం అంటే రెక్కలు, వేగం. మాకు విమానం అంటే ఉప్పు. ఓడ మీద గాలే ఉప్పు. మిరప టిక్కీకి తేమ తగిలితే మిర్చి యార్డు గారికి ఎలా ఉంటుందో, కనెక్టర్‌లోకి ఉప్పు దిగితే మాకు అలా ఉంటుంది. రోజూ మంచినీళ్లతో కడగాలి, తుడవాలి, నూనె రాయాలి, మర్నాడు మళ్లీ కడగాలి. ఊగే హ్యాంగరులో, నలభై డిగ్రీల ఉక్కలో, పక్క విమానం రెక్క తలకు తగలకుండా వంగి పనిచేయాలి. అటువంటి చోట మెకానిక్కు చూసే మొదటి సంగతి ఏమిటంటే, చెడినది ఎంత చిన్న ముక్కగా బయటికి వస్తుందని. ఎం88 ఇంజిను 21 మాడ్యూళ్లుగా విడిపోతుంది. ఏ ముక్క చెడితే ఆ ముక్కే మార్చవచ్చు. మొత్తం ఇంజినును పెట్టెలో పెట్టి దేశం దాటించి నెలలు ఎదురుచూడక్కరలేదు. ఇది ఏ ప్రదర్శనలోనూ చప్పట్లు కొట్టించే సంగతి కాదు. నా ఓటు మాత్రం దీనికే.

కృష్ణలంక | 11.20

స్పానరు గారూ, మీ రెండో పేరా మా ఇంట్లో గట్టిగా చదివి వినిపించాను. రెండు ఇంజిన్లూ పాడైన మా స్కూటరు గురించా అని మా ఆవిడ అడిగింది. దానికి ఉన్నది ఒకటే ఇంజిను అని చెప్పాను.

తెల్లపులి | ఉదయం 6.10

కాగ్ మాటకు ఎదురు చెప్పను. రాత్రి ఆలోచించాను. నా బాధ మిగ్ గురించి కాదు.

1961లో మొదటి విక్రాంత్ వచ్చింది. అది బ్రిటిషు వారు సగం కట్టి వదిలేసిన నౌక. దాని మీది సీ హాక్‌లు బ్రిటిషువి, అలిజేలు ఫ్రెంచివి. 1971 డిసెంబరులో కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద బాంబులు వేసినవి అవే. తర్వాత విరాట్, అదీ వాళ్లు వాడి అమ్మినదే. మా హారియర్లు బ్రిటిషువి. 2013లో విక్రమాదిత్య, రష్యావారి పాత నౌక. మిగ్‌లు రష్యావి. అరవై ఏళ్లు ఎరువు తెచ్చుకున్న డెక్కు మీద ఎరువు తెచ్చుకున్న రెక్కలతో ఎగిరాం. ఇప్పుడు డెక్కు మనది అయింది, మన కొచ్చిలో కట్టినది. దాని మీద మళ్లీ ఫ్రెంచి విమానం. ఇందులో ఎవరినీ తప్పుపట్టలేను. కానీ కడుపులో తిప్పుతుంది. అంతే.

బ్రాడీపేట 4/14 | 7.25

పెద్దాయనా, ఆ మాట నన్నూ పట్టుకుంది. కానీ లెక్క చూడాలి కదా. తేజస్ నౌకాదళ నమూనా 2020 జనవరి 11న విక్రమాదిత్య మీద దిగింది. మన కుర్రాళ్ల చేతి పని హుక్కుతో తీగను పట్టుకున్న ఆ రోజు నేను ఇంట్లో లేచి నిలబడ్డాను. అయినా ఒంటి ఇంజినుతో, ఆ బరువుతో డెక్కు మీంచి యుద్ధానికి సరిపడా మోయలేదని నౌకాదళం 2016లోనే చెప్పేసింది. ఆ తప్పుల నుంచి నేర్చుకుని రెండు ఇంజిన్ల డెక్కు విమానాన్ని బెంగళూరులో గీస్తున్నారు. అది ఎగరాలి, దిగాలి, ఊగే డెక్కు మీద రాత్రిపూట దిగాలి. ఈలోగా డెక్కు ఖాళీగా ఉంచలేం. 2017లో నౌకాదళం 57 విమానాలు కావాలని అడిగింది, కొన్నది 26. ఆ తగ్గింపులోనే మీకు జవాబు ఉంది. మిగతా చోటు మనవాటికి అట్టిపెట్టారు.

నిన్న ఒక మాట చెప్పలేదు. ఇంట్లో ఒకటి ఉందన్న నా వాదనలో ఒక చిల్లు ఉంది. వైమానిక దళం రఫేల్‌కూ దీనికీ ముక్కు చక్రం ఒకటి కాదు. డెక్కు దెబ్బ తట్టుకోవడానికి పొడుగ్గా, బలంగా చేశారు. దానికి చోటివ్వడానికి పొట్ట కింద ఒక ఆయుధ స్థానం వదులుకున్నారు. అక్కడ 14, ఇక్కడ 13. హుక్కు వేరు, బరువూ అర టన్ను వరకు ఎక్కువ. సోదరులే కానీ కవలలు కారు.

మిర్చి యార్డు | 7.40

మన కొరిశపాడు దగ్గర జాతీయ రహదారి మీద 2024 మార్చిలో వైమానిక దళం వారు విన్యాసాలు చేసినప్పుడు పనులు మానుకుని వెళ్లి చూసినవాణ్ణి. సుఖోయ్‌లు, హాక్‌లు, ఏఎన్-32. చెవులు రెండు రోజులు గుయ్యిమన్నాయి. ఆ దారి 4.1 కిలోమీటర్లు, 33 మీటర్ల వెడల్పు. అదే ఇరుకని మా లారీ డ్రైవరు అన్నాడు. పటమట గారి బ్యారేజీ ముక్క చదివి వినిపిస్తే ఇప్పుడు మాట్లాడటం లేదు.

పటమట హుక్కు | 8.30

ఆ డ్రైవరుకు నా నమస్కారాలు.

ఇప్పుడు నాకు నచ్చని సంగతి ఒకటి చెబుతాను, లేకపోతే ఫ్రెంచి కంపెనీ మనిషినని అనుకుంటారు. కొన్న నాలుగు రెండు సీట్ల విమానాలూ డెక్కు మీద దిగలేవు. అవి నేలకే పరిమితం. మిగ్‌లో రెండు సీట్లదీ డెక్కు మీద దిగుతుంది, సూపర్ హార్నెట్‌లోనూ అంతే. కొత్త కుర్రాణ్ణి మొదటిసారి ఓడ మీదికి తీసుకెళ్లేటప్పుడు వెనక సీటులో ఒక పాత చెయ్యి ఉంటే ఎంత ధైర్యమో నాకు తెలుసు. రఫేల్‌లో ఆ పాత చెయ్యి ఉండదు. మొదటిసారే ఒంటరిగా వెళ్లాలి.

బ్రాడీపేట 4/14 | 8.44

దీన్ని మరీ పెద్దది చేస్తున్నారు. ఫ్రెంచివారు పాతికేళ్లుగా అలాగే చేస్తున్నారు. వాళ్ల కుర్రాళ్లు అమెరికా వెళ్లి గాస్‌హాక్ శిక్షణ విమానాల మీద డెక్కు పాఠం నేర్చుకుని వచ్చి, ఆ తర్వాత ఒంటరిగా రఫేల్ ఎక్కుతారు. సిమ్యులేటర్లు ఇప్పుడు మీ కాలం నాటివి కావు.

పటమట హుక్కు | 8.58

మీరే జవాబు చెప్పారు వింగ్ కమాండర్ గారూ. వాళ్లకు మధ్యలో ఒక మెట్టు ఉంది, అదీ అమెరికా డెక్కు మీద. మన హాక్ శిక్షణ విమానానికి హుక్కు లేదు, ఓడ మీద దిగదు. నేల మీద గీసిన డెక్కు, సిమ్యులేటరు, ఆ తర్వాత నేరుగా సముద్రం. సిమ్యులేటరులో కళ్లు మోసపోతాయి, కడుపు మోసపోదు. ఊరికే వాదనకు అనడం లేదు. 2025 జులైలో విశాఖ ఐఎన్‌ఎస్ డేగాలో యుద్ధవిమాన శాఖకు ఎంపికైన తొలి మహిళా అధికారికి వింగ్స్ (పైలట్ బ్యాడ్జి) ఇచ్చారు. ఆ ఫొటో చూసినప్పుడు నాకు ముందుగా వచ్చిన ఆలోచన ఇదే. ఈ పిల్లల మొదటి డెక్కు రోజున వెనక సీటులో ఎవరుంటారు?

బ్రాడీపేట 4/14 | 9.20

సరే. ఈ ఒక్క విషయంలో మీ మాటే నెగ్గనివ్వండి. కానీ నాదీ ఒకటి వినండి. మీ నౌకాదళం వారందరూ విమానం, విమానం అంటున్నారు. నేను సముద్రంలో ఉంటే భయపడేది కన్ను లేనందుకు. దూరం నుంచి వచ్చేదాన్ని ఎవరు చూస్తారు? మనకున్నది కామోవ్-31 హెలికాప్టరు. పొట్ట కింద రాడారు తిప్పుకుంటూ వెళ్లే కష్టజీవి. కానీ హెలికాప్టరు ఎంత ఎత్తుకు వెళుతుంది, ఎంతసేపు ఉంటుంది? అమెరికా దగ్గర, ఫ్రాన్సు దగ్గర హాక్‌ఐ రాడారు విమానం ఉంది. చైనా ఫుజియాన్ నౌక 2025 నవంబరులో సేవలో చేరింది, విద్యుదయస్కాంత క్యాటపుల్ట్‌తో. దాని మీంచి రాడారు విమానాన్ని కూడా విసిరి చూపించారు. క్యాటపుల్ట్ లేకపోతే అటువంటి బరువైన నిదాన విమానం లేవదు. కాబట్టి 26 రఫేల్‌లు కొన్నా, 57 కొన్నా, మీ డెక్కు సగం గుడ్డిదే.

పటమట హుక్కు | 9.41

దీనికి నా దగ్గర జవాబు లేదు. రఫేల్ రాడారు మంచిది, కొంత దూరం అదే కన్నుగా పనికివస్తుంది, కానీ యుద్ధం చేయాల్సినవాణ్ణి కాపలాకు పెట్టినట్లవుతుంది. తర్వాతి నౌకకైనా క్యాటపుల్ట్ పెట్టాలని మాలో చాలామంది ఏళ్లుగా అంటున్నారు.

తెల్లపులి | 9.50

మేము ముసలివాళ్లం ఆ మాట అనడం మొదలుపెట్టి ముప్పై ఏళ్లయింది.

మంగళగిరి స్పానరు | 10.12

మన హైదరాబాదులో రఫేల్ మొండెం తయారుచేసే కర్మాగారం పెడుతున్నట్లు 2025 జూన్‌లో ప్రకటించారు. ఇక్కడ ఎవరూ దాని మాట ఎత్తలేదు. నా అక్క కొడుకు ఐటీఐ ఫిట్టరు. వాడికి మీ తోపు లెక్కల కంటే ఇదే ముఖ్యం. డెల్టా రెక్క తమ్ముడూ, నీకూ అంతే.

డెల్టా రెక్క | సాయంత్రం 6.35

ధన్యవాదాలు అన్నగారూ. నేను పొద్దున్నుంచి వేరే పనిలో ఉన్నాను.

తెల్లపులి గారు "రెక్క మడవదు" అన్నప్పటి నుంచి నిద్ర పట్టలేదు. విక్రాంత్‌లో కింది హ్యాంగరు నుంచి విమానాలను డెక్కు మీదికి తెచ్చే లిఫ్టు 10 మీటర్లు, 14 మీటర్లు అని పత్రికల్లో వచ్చింది. రఫేల్ రెక్కల వెడల్పు 10.90, పొడవు 15.27. రెండు వైపులా పట్టదు. లిఫ్టు డెక్కు అంచున ఉంటుంది కాబట్టి తోక కొంత సముద్రం వైపు వేలాడినా వెడల్పు మాత్రం కుదరదు. రెక్కల కొసల్లో క్షిపణి పట్టాలు విప్పితే సరిపోతుందనీ రాశారు. విప్పకుండా కుదరదా అని చూడాలనిపించింది.

మా అమ్మ ముగ్గు డబ్బా, నవారు చుట్ట, టేపు పట్టుకుని కాలేజీ మైదానానికి వెళ్లాను. ముందు 10, 14 మీటర్ల పెట్టె గీశాను. తర్వాత మూడు వైపుల బొమ్మ చూసి విమానాన్ని నవారుతో పరిచాను. ముక్కు, తోక, రెక్క కొసలు, అంతే, లావు లేకుండా. మా ఇంటి పందిరి మంచం గుమ్మంలోంచి తిన్నగా పట్టదు, కాస్త ఏటవాలుగా తిప్పితే పడుతుంది. దీన్నీ అలాగే తిప్పాను. ఇరవై నాలుగు డిగ్రీల దగ్గర ముక్కు, తోక, రెండు రెక్కలూ పెట్టెలోకి వచ్చాయి! బొటాబొటిగా. ఎటు చూసినా బెత్తెడు జాగా లేదు, కానీ గీత దాటలేదు. వాచ్‌మన్ వచ్చి ఎవరికి పెళ్లి అని అడిగాడు.

తెల్లపులి | 6.50

శభాష్. గుంటూరు మైదానంలో ముగ్గుతో రఫేల్! ఫ్రెంచివారికి చెప్పకండి, దానికీ బిల్లు వేస్తారు.

పటమట హుక్కు | 7.15

గీతల మీద నీ లెక్క తప్పు కాదు బాబూ. మైదానం ఊగదు, అదొక్కటే తేడా. రెక్క కొసకు లావు ఉంది, చక్రానికి వెడల్పు ఉంది, తోస్తున్నప్పుడు ఓడ పక్కకు ఒరిగితే పదిహేను టన్నుల విమానం దాని ఇష్టం వచ్చినట్లు జారాలని చూస్తుంది. అందుకే అంగుళం అంగుళం ఆగుతూ, చక్రాలకు దిమ్మలు పెడుతూ, గొలుసులు బిగిస్తూ తీసుకెళతారు. ఇరవై నాలుగు డిగ్రీల ఏటవాలులో దాన్ని లిఫ్టు మీదికి లాగే ట్రాక్టరు ఎక్కడ నిలబడుతుంది, ఎటు తిరుగుతుంది? అది కూడా గీయి. నాకూ చూడాలనుంది.

డెల్టా రెక్క | 7.22

ముగ్గు అయిపోయింది సార్. అమ్మ ఇక ఇవ్వనంది.

మంగళగిరి స్పానరు | 7.30

సున్నం నేను తెస్తాను. ట్రాక్టరు ఎంత మలుపు తిరుగుతుందో నా కాళ్లకు బాగా గుర్తుంది. ఆదివారం పొద్దున ఆరున్నరకు గేటు దగ్గర ఉండు తమ్ముడూ, వాచ్‌మన్‌కు ముందే చెప్పి పెట్టు.